రెక్లామ్ పుస్తకాల మీద మూడు ఊళ్ల పేర్లు ఎందుకున్నాయి?

కాలేజీ గ్రంథాలయంలో మీకు రెక్లామ్ అనే జర్మన్ ప్రచురణ సంస్థ పేరున్న పుస్తకాలు మూడు దొరికాయన్నారు. ఒకదాని మీద లైప్‌జిగ్ అని, ఇంకొకదాని మీద స్టుట్‌గార్ట్ అని, పసుపు అట్ట ఉన్న మూడోదాని మీద డిట్సింగెన్ అని ఉంది. మూడూ ఒకే ప్రచురణ సంస్థవా, లేక ఒకరి పేరు ఇంకొకరు వాడుకున్నారా అన్నది మీ మొదటి ప్రశ్న. ఇంత చౌకగా ఎలా అమ్ముతారన్నది రెండోది. పాత ప్రతిలో ముద్రణ సంవత్సరం ఎంత వెతికినా కనబడలేదు, దాని వయసు ఎలా పట్టుకోవాలన్నది మూడోది.

ముక్తసరిగా చెప్పాలంటే, సంస్థ ఒకటే. కానీ నలభై ఏళ్లకు పైగా అది రెండు దేశాల్లో రెండు సంస్థలుగా బతికింది. చౌకదనం వెనక ఉన్నది దానధర్మం కాదు, పక్కా లెక్క. సంవత్సరం సంగతి చివర్లో చెబుతాను. జర్మన్ సాహిత్యం పాఠాలు చెప్పినన్నాళ్లూ నా సంచీలో ఉన్నవి ఈ అరచేతి పుస్తకాలే కాబట్టి కాస్త ఎక్కువే రాస్తానేమో, ఓపిక పట్టండి.

ఆంటోన్ ఫిలిప్ రెక్లామ్ 1807లో లైప్‌జిగ్‌లో పుట్టాడు. ఇంటిపేరు జర్మన్ పేరులా వినబడకపోవడానికి కారణం, పూర్వీకులు ఆల్ప్స్ పర్వతాల్లోని సవోయ్ ప్రాంతం నుంచి వలస వచ్చిన ప్రొటెస్టెంట్లు. తండ్రిది పుస్తకాల వ్యాపారం. ఆ రోజుల్లో లైప్‌జిగ్‌లో అది పెద్ద విశేషమేమీ కాదు. పుస్తక సంత జరిగే ఊరు, జర్మన్ పుస్తక వ్యాపారులు 1825లో తమ సంఘం పెట్టుకున్న ఊరు, వీధికో అచ్చుకూటం ఉన్న ఊరు అది. 1828లో, ఇంకా ఇరవై ఒకటో ఏడు నిండకుండానే, ఈ కుర్రవాడు తండ్రి దగ్గర 3,000 థాలర్లు (అప్పటి జర్మన్ వెండి నాణేలు) అప్పు తీసుకుని 'లిటరారిషెస్ మ్యూజియం' అనే సంస్థను కొన్నాడు. పేరుకే మ్యూజియం. నిజానికి అది చందా కట్టి పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లే అద్దె గ్రంథాలయం, విదేశీ పత్రికలు చదువుకునే గది. రాజుల పాలన మీద, సెన్సారు మీద లోలోపల రగిలిపోతున్న రచయితలూ చదువరులూ అక్కడ చేరేవారు. ఏ పుస్తకాన్ని జనం అడిగి మరీ తీసుకెళతారో, ఏది బీరువాలో దుమ్ము పట్టిపోతుందో రోజూ కళ్లారా చూసే అవకాశం అతనికి అక్కడ దక్కింది. ఏ ప్రచురణకర్తకైనా అంతకు మించిన శిక్షణ ఉంటుందని నేననుకోను.

అదే ఏడాది అక్టోబరు 1న ప్రచురణ మొదలుపెట్టాడు. 1837లో గ్రంథాలయాన్ని అమ్మేసి సంస్థకు తన పేరే పెట్టుకున్నాడు. రెండేళ్లకు ఒక అచ్చుకూటం కొన్నాడు. ఈ ఆఖరి సంగతి గుర్తు పెట్టుకోండి, దానితో మళ్లీ పని పడుతుంది.

1840లలో అతను అచ్చువేసిన వాటిలో ఉదారవాద రాజకీయ రచనలు చాలా ఉన్నాయి. 1846లో ఆస్ట్రియా సామ్రాజ్యం అతని పుస్తకాలను తన గడప తొక్కనివ్వనంది. క్రైస్తవ మతాచారాల మీద థామస్ పెయిన్ రాసిన విమర్శకు జర్మన్ అనువాదం వేసినందుకు కోర్టు బోను ఎక్కాడు. 1848 తిరుగుబాట్లు అణగిపోయాక వ్యాపారాన్ని నిలకడైన సరుకు మీదికి మళ్లించాడు. నిఘంటువులు, బైబిళ్లు, గ్రీకు లాటిన్ పాఠ్యాలు, షేక్‌స్పియర్ అనువాదాలు. జీవితచరిత్రలు రాసేవాళ్లు ఈ మార్పును కాస్త నొచ్చుకుంటూ చెబుతారు. నాకైతే ఇందులో చిన్నబోవలసిందేమీ కనబడదు. తరవాత వచ్చినదంతా ఈ నిఘంటువుల డబ్బుతో, ఈ బైబిళ్ల పనిలో నేర్చిన అచ్చు విద్యతో వచ్చిందే.

ఆ విద్య పేరు స్టీరియోటైప్. మామూలుగా పేజీని ఒక్కొక్క అక్షరమూ పేర్చి అచ్చువేసి, పని అయ్యాక ఆ అక్షరాలను విప్పి గళ్లలో సర్దేవారు. మళ్లీ అదే పుస్తకం కావాలంటే మళ్లీ మొదటి నుంచి పేర్చాలి, మళ్లీ ప్రూఫులు దిద్దాలి. స్టీరియోటైప్‌లో పేర్చిన పేజీకి అచ్చు తీసి, అందులో కరిగించిన లోహం పోసి, పేజీ మొత్తాన్ని ఒకే పలకగా పోతపోస్తారు. పలకను గిడ్డంగిలో భద్రం చేస్తారు. ఇరవై ఏళ్ల తరవాత వెయ్యి ప్రతులు కావాలన్నా పలక తీసి యంత్రానికి ఎక్కించడమే. కూర్పు ఖర్చు ఒక్కసారితో సరి. అమ్ముడుపోతాయో లేదో తెలియని ప్రతులను ముందుగానే గుట్టలుగా అచ్చువేసి పెట్టుకోనక్కరలేదు. సొంత అచ్చుకూటం ఉన్నవాడికే ఇది పూర్తిగా కలిసొస్తుంది.

ఇక 1867. రెక్లామ్ కథ చెప్పే ప్రతివాళ్లూ ఇక్కడి నుంచే మొదలుపెడతారు. జర్మన్ మహాకవుల్లో గోథే 1832లో, షిల్లర్ 1805లో చనిపోయారు. అయినా వారి రచనల మీద హక్కు దశాబ్దాల పాటు కోట్టా అనే ఒకే ప్రచురణకర్త చేతిలో ఉండిపోయింది. జర్మన్ రాజ్యాల సమాఖ్య 1856లో ఒక తీర్మానం చేసింది. 1837 నవంబరు 9కి ముందు మరణించిన రచయితలందరి రచనలకూ రక్షణ 1867 నవంబరు 9తో ముగుస్తుందని దాని సారం. అంటే ఒకే ఒక్క రోజున గోథే, షిల్లర్, లెస్సింగ్, క్లైస్ట్, హాఫ్‌మన్, జాన్ పాల్ అందరూ ప్రజల ఆస్తి అయిపోయారు. తేదీ పదకొండేళ్ల ముందే తెలుసు. ప్రచురణకర్తలందరూ ఆ రోజు కోసం కాచుక్కూర్చున్నారు. జర్మన్ పుస్తక చరిత్రలో ఆ సంవత్సరానికి 'మహాకవుల ఏడు' అనే పేరే స్థిరపడింది.

రెక్లామ్ తన గ్రంథమాలను ఆ నవంబరులోనే విడుదల చేశాడు. పేరు ఊనివెర్సాల్ బిబ్లియోటేక్. మొదటి రెండు నంబర్లు గోథే 'ఫౌస్ట్' రెండు భాగాలు. మూడోది లెస్సింగ్ నాటకం 'నాథాన్'. 'ఫౌస్ట్' మొదటి భాగం 5,000 ప్రతులు వేస్తే వారాల్లో అయిపోయాయి. డిసెంబరులో మరో 5,000, ఫిబ్రవరిలో 10,000 వేయవలసి వచ్చింది.

చట్టం తలుపు తెరిచింది, రెక్లామ్ లోపలికి నడిచాడు, కోటీశ్వరుడయ్యాడు అని ఇక్కడితో కథ ముగించేస్తారు. ఇది సగం నిజం. తలుపు అందరికీ తెరుచుకుంది. బెర్లిన్‌లో గుస్టాఫ్ హెంపెల్ అదే ఏడాది క్లాసిక్కుల గ్రంథమాల మొదలుపెట్టాడు, పాఠశుద్ధిలో అది చాలా మెరుగైనది కూడా. కోట్టా స్వయంగా చౌక ప్రతులు దింపాడు. అంతకుముందే మైయర్ సంస్థ గ్రోషెన్ అనే చిల్లర నాణెం ధరకు చిన్న పుస్తకాలు అమ్మి ఉంది. మరి వాళ్లందరి గ్రంథమాలలూ పాత పుస్తకాల అంగళ్లకు చేరి, రెక్లామ్‌ది మాత్రమే మీ కాలేజీ దాకా ఎలా వచ్చింది? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇది.

మిగతావాళ్లు అమ్మింది సంపూర్ణ రచనలు. షిల్లర్ మొత్తం, గోథే మొత్తం, వాయిదాల్లో. మొదటి భాగం కొన్నవాడు చివరి భాగం దాకా కొంటూ పోవాలి. అది మధ్యతరగతి ఇంటి ముందుగదిలో బీరువా నింపుకునే పద్ధతి. రెక్లామ్ ఏ పుస్తకానికి ఆ పుస్తకాన్ని విడిగా అమ్మాడు. షిల్లర్ 'విల్‌హెల్మ్ టెల్' నాటకం కావాలంటే అది ఒక్కటే కొనుక్కోవచ్చు, పక్కనున్న పదిహేను నాటకాలతో నిమిత్తం లేదు. బడిపిల్లవాడికీ, నాటకంలో వేషం కట్టేవాడికీ, రాత్రిపూట కార్మిక సంఘం తరగతులకు వెళ్లేవాడికీ కావలసింది అదే.

ధర కూడా ఒకే ధర. నంబరుకు 2 సిల్బర్‌గ్రోషెన్లు. థాలర్‌కు 30 సిల్బర్‌గ్రోషెన్లు కాబట్టి ఒక థాలర్‌కు 15 పుస్తకాలు వచ్చేవి. 1870లలో జర్మనీ ఒకటై మార్కు వచ్చింది. 10 సిల్బర్‌గ్రోషెన్లు ఒక మార్కు కింద లెక్క. అలా పాత 2 సిల్బర్‌గ్రోషెన్లు సరిగ్గా 20 ఫెన్నిగ్‌లు అయ్యాయి. నాణెం మారింది, ధర మారలేదు. 1917 దాకా, అంటే 50 ఏళ్లు, ఆ 20 ఫెన్నిగ్‌లు అలాగే ఉన్నాయి. మరి లావు పుస్తకాల సంగతి? దానికో చిట్కా ఉంది. పుస్తకం లావైతే ధర పెంచేవారు కాదు, నంబర్లు పెంచేవారు. ఉదాహరణకు అశ్వఘోషుడి బుద్ధచరితం జర్మన్‌లో 1890లలో ఈ గ్రంథమాలలో వచ్చింది. దాని నంబరు 3418 నుంచి 3420. మూడు నంబర్లు, కాబట్టి 60 ఫెన్నిగ్‌లు. అంగడివాడికి ధరల పట్టిక అక్కరలేదు, నంబర్లు లెక్కపెడితే చాలు. మీ గ్రంథాలయంలోని పాత ప్రతి మీద అడ్డగీతతో రెండు మూడు నంబర్లు కలిపి ఉంటే కంగారు పడకండి, అది మూడు పుస్తకాలను కలిపి కుట్టింది కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ గ్రంథమాలకు ముగింపు లేదు. హెంపెల్‌ది క్లాసిక్కులు అయిపోతే అయిపోయేది. రెక్లామ్‌ది అయిపోయేది కాదు. ఏది కలిపితే అది కలుస్తుంది. ఒపెరా పాటల పుస్తకాలు కలిశాయి, చట్టాలు కలిశాయి, హాస్యకథలు కలిశాయి. ఇబ్సెన్ నాటకాలు విల్‌హెల్మ్ లాంగె అనువాదంలో అప్పటికప్పుడు కలిశాయి. అమ్మకం బాగున్న 'విల్‌హెల్మ్ టెల్' మీద వచ్చిన డబ్బుతో, ఏడాదికి కొన్ని వందలు మాత్రమే పోయే తత్వశాస్త్ర గ్రంథాన్ని జాబితాలో నిలబెట్టవచ్చు. పలక ఉంది కదా, నష్టం లేదు. కాంట్ 'శుద్ధబుద్ధి విమర్శ' ఇలాగే 1870ల చివర్లో కార్ల్ కేర్‌బాఖ్ సంపాదకత్వంలో అరచేతి పుస్తకమయింది. మరో తత్వవేత్త షోపెన్‌హవర్ 1860లో చనిపోయాడు, అప్పటి చట్టం ప్రకారం ముప్పై ఏళ్లకు హక్కులు తీరిపోయాయి. మరుసటి ఏడాది, 1891లో, గ్రీజెబాఖ్ పరిష్కరించిన ఆరు సంపుటాలు రెక్లామ్ నుంచి సిద్ధం. క్యాలెండరు ముందు పెట్టుకుని పని చేసే అలవాటు ఆ ఇంటిది.

మన దేశం నుంచి వెళ్లినవి కూడా ఇందులో తక్కువేమీ కాదు. బుద్ధచరితం సంగతి చెప్పాను. కాళిదాసు 'శాకుంతలం', భారతంలోని నలోపాఖ్యానం హెర్మన్ కమిల్లో కెల్నర్ అనువాదాల్లో ఉన్నాయి. పండితుల కోసం వేసిన ఖరీదైన సంస్కృత పాఠాలు జర్మనీలో ఎన్నో ఉండేవి. రైల్వే గుమాస్తా కూడా కొనగలిగిన శకుంతల మాత్రం ఈ 20 ఫెన్నిగ్‌ల శకుంతలే. (మాట వచ్చింది కాబట్టి: తొలి తెలుగు అచ్చు పుస్తకాలుగా మనం చెప్పుకునేవి, బెంజమిన్ షుల్ట్‌జ్ అనే మిషనరీ 1740లలో అచ్చువేయించినవి, లైప్‌జిగ్‌కు దగ్గరలోని హాలే పట్టణంలో వచ్చాయి. రెక్లామ్‌కూ దానికీ సంబంధం లేదు, కానీ ఆ ప్రాంతపు అచ్చుకూటాల సత్తా తెలుస్తుంది.)

లైప్‌జిగ్‌లోనే టౌఖ్‌నిట్స్ అనే మరో సంస్థ ఉండేది. 1841 నుంచి ఇంగ్లీషు పుస్తకాలను ఇంగ్లీషులోనే చౌకగా వేసి, ఐరోపాలో తిరిగే ప్రయాణికులకు అమ్మింది. చట్టం నిర్బంధించకపోయినా రచయితలకు డబ్బు చెల్లించి అనుమతి తీసుకునేది. కాకపోతే వాటిని బ్రిటన్‌లోకీ దాని వలసల్లోకీ తీసుకెళ్లరాదన్న షరతు ఉండేది కనుక మద్రాసుకు చట్టప్రకారం రాకూడదు. రెక్లామ్‌కు అలాంటి అడ్డు లేదు. విదేశీ రచయితలకు డబ్బు చెల్లించే విషయంలో మాత్రం టౌఖ్‌నిట్స్ చూపిన ఉదారత రెక్లామ్‌లో వెతకకండి.

వ్యవస్థాపకుడు 1896లో చనిపోయేసరికి నంబర్లు 3,400 దాటాయి. కొడుకు హాన్స్ హైన్‌రిఖ్ అప్పటికే పగ్గాలు పట్టి ఉన్నాడు. 1912లో వాళ్లు పుస్తకాలు అమ్మే యంత్రాలు పెట్టారు. రైల్వే స్టేషన్లలో, ఆసుపత్రుల్లో, ఓడల్లో అద్దాల వెనక పుస్తకాలు వరసగా కనబడేవి. నాణెం వేసి మీట లాగితే పుస్తకం కింద పడేది. ఆ యంత్రాన్ని రూపకల్పన చేసినవాడు పీటర్ బేరెన్స్, ఏఈజీ అనే విద్యుత్ పరికరాల కంపెనీ కెటిళ్లకూ, దీపాలకూ, కర్మాగారానికీ రూపం ఇచ్చిన ఆ బేరెన్సే. ఇవి దాదాపు 1940 దాకా పని చేశాయి. ధర మారకుండా ఉండటం వల్లనే ఇది సాధ్యమయింది. చిల్లర తిరిగివ్వడం యంత్రానికి చేతకాని కాలంలో, అన్ని పుస్తకాలకూ ఒకే ధర అన్న నియమం ఎంత అక్కరకు వచ్చిందో ఊహించండి. మొదటి ప్రపంచ యుద్ధంలో 100 పుస్తకాలున్న పెట్టెను 20 మార్కులకు అమ్మారు. కందకాల్లోని సైనికులకు ఇంటివాళ్లు కొని పంపడానికి. మళ్లీ అదే లెక్క, పుస్తకానికి 20 ఫెన్నిగ్‌లు.

1928లో సంస్థకు నూరేళ్లు నిండినప్పుడు లైప్‌జిగ్ వేడుకలో ముఖ్య ఉపన్యాసం నవలాకారుడు థామస్ మన్ ఇచ్చాడు. అయిదేళ్లు తిరగకుండానే మన్ దేశం విడిచిపోవలసి వచ్చింది, ఆ తరవాత అతని కథ కూడా ఈ జాబితాలోంచి మాయమయింది. నాజీల కాలంలో రెక్లామ్ ఎదురు తిరగలేదు. హైన్ కవితలు, యూదు రచయితల పుస్తకాలు తీసేయమంటే తీసేసింది. సంస్థ ప్రశంసలు రాసేవాళ్లు ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు, అది సరి కాదు.

అదే కాలంలో ఈ పుస్తకాల ఆకారం మాత్రం సంస్థకు తెలియకుండానే మరో పని చేసింది. ప్రతి ఇంట్లో, ప్రతి జేబులో ఉండే వస్తువును ఎవరు అనుమానిస్తారు? నాజీ వ్యతిరేకులు విదేశాల్లో అచ్చువేసిన రహస్య సాహిత్యాన్ని రెక్లామ్ అట్టల్లో దాచి దేశంలోకి పంపేవారు. రైఖ్‌స్టాగ్ అనే జర్మన్ పార్లమెంటు భవనం దహనం మీద వలసవెళ్లిన కమ్యూనిస్టులు వెలువరించిన 'బ్రౌన్ బుక్' ఇలాగే, గోథే కావ్యం 'హెర్మన్ ఉండ్ డొరొథేయా' అట్ట తొడుక్కుని సరిహద్దు దాటింది.

'విల్‌హెల్మ్ టెల్' విషయం ఇంకా విచిత్రం. రెక్లామ్ జాబితా మొత్తంలో అత్యధికంగా అమ్ముడుపోయిన పుస్తకం అదే. నిరంకుశ అధికారిని బాణంతో కొట్టి చంపిన కొండమనిషి కథ. మొదట్లో నాజీలు దాన్ని జాతీయ నాటకమని నెత్తిన పెట్టుకున్నారు. 1941 జూన్‌లో హిట్లర్ దాన్ని రంగస్థలం మీద ఆడకూడదు, బడిలో చెప్పకూడదు అని ఆదేశించాడు. నియంతను చంపడం న్యాయమేనా అన్న చర్చ పదో తరగతి పిల్లల మధ్య జరగడం అతనికి నచ్చకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

1943 డిసెంబరు 4 తెల్లవారుజామున బ్రిటిష్ విమానాలు లైప్‌జిగ్ మీద బాంబులు కురిపించాయి. అచ్చుకూటాలూ ప్రచురణ సంస్థలూ ఒకే చోట కిక్కిరిసి ఉన్న పేట మొత్తం కాలిపోయింది. ఊరంతా కలిపి అయిదు కోట్ల పుస్తకాలు బూడిదయ్యాయని చెబుతారు. రెక్లామ్ గిడ్డంగులూ అందులో ఉన్నాయి.

ఇక్కడి నుంచి మీ మూడు ఊళ్ల కథ. 1945 ఏప్రిల్‌లో లైప్‌జిగ్‌ను పట్టుకున్నది అమెరికా సైన్యం. జులైలో ముందుగా చేసుకున్న ఒప్పందం ప్రకారం దాన్ని సోవియట్ సైన్యానికి అప్పగించాలి. ఆ నడుమ అమెరికన్లు బ్రోక్‌హవుస్, ఇన్‌జెల్ వంటి పేరున్న సంస్థల మనుషులను లారీల్లో ఎక్కించి పడమటి వైపు వీస్‌బాడెన్‌కు తరలించారు. రెక్లామ్ లైప్‌జిగ్‌లోనే ఉండిపోయింది. 1946లో ప్రచురణకు అనుమతి వచ్చింది గాని, మిగిలిన అచ్చు యంత్రాలను యుద్ధ నష్టపరిహారం కింద సోవియట్ వాళ్లు విప్పి పట్టుకుపోయారు. యంత్రాలు లేని లైసెన్సు అన్నమాట. వ్యవస్థాపకుడి మనవడు ఎర్న్‌స్ట్ రెక్లామ్ 1947లో పడమట స్టుట్‌గార్ట్‌లో మరో సంస్థను నమోదు చేయించాడు. 1950లో తానే అక్కడికి వెళ్లిపోయాడు. అప్పటికి అతని వయసు డెబ్బై దాటింది. లైప్‌జిగ్ సంస్థను తూర్పు జర్మనీ ప్రభుత్వం ధర్మకర్తల చేతిలో పెట్టింది.

అలా ఒకే పేరుతో, ఒకే గ్రంథమాల పేరుతో రెండు ఇళ్లు నడిచాయి. ఎవరిది అసలు, ఎవరిది నకలు అని పందేలు కట్టేవాళ్లున్నారు. కుటుంబం స్టుట్‌గార్ట్‌లో ఉంది, ఇల్లు లైప్‌జిగ్‌లో ఉంది. నేనైతే లైప్‌జిగ్ రెక్లామ్‌ను తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో ఏకీభవించను. తూర్పు జర్మనీలో ప్రతి పుస్తకానికీ సంస్కృతి మంత్రిత్వ శాఖ నుంచి ముద్రణానుమతి తెచ్చుకోవాలి. 1961 నుంచి చాలా కాలం ఆ ఇంటిని నడిపిన హాన్స్ మార్‌క్వార్ట్, ఆ పరిమితుల మధ్యనే మంచి బొమ్మలతో, చక్కటి ముఖచిత్రాలతో పుస్తకాలు తెచ్చాడు. వెనక చేర్చిన సుదీర్ఘమైన పరిచయవ్యాసం సెన్సారు అధికారిని ఒప్పించడానికీ, చదువరికి దారి చూపడానికీ ఏకకాలంలో పనికొచ్చేది. డ్రెస్డెన్‌లో నాజీ పాలనను బతికి బయటపడ్డ యూదు ఆచార్యుడు విక్టర్ క్లెంపరర్, నాజీల మాటతీరు మీద రాసుకున్న నోట్సు 'ఎల్‌టీఐ' 1947లోనే మరో సంస్థ నుంచి వచ్చింది. తరాల తరబడి దాన్ని తక్కువ ధరలో చదువరుల చేతిలో పెట్టింది మాత్రం 1960ల నుంచి లైప్‌జిగ్ రెక్లామే. మీ గ్రంథాలయంలో ఆ లైప్‌జిగ్ ప్రతి ఉంటే ముందు అది తీసుకోండి.

స్టుట్‌గార్ట్ వాళ్లు వేరే దారి పట్టారు. బడినీ విశ్వవిద్యాలయాన్నీ నమ్ముకున్నారు. పంక్తుల సంఖ్యలు, వివరణలు, నమ్మదగిన పాఠం. 1970 ప్రాంతంలో అట్టలకు రంగుల పద్ధతి పెట్టారు. జర్మన్ పాఠ్యానికి పసుపు, మూలమూ అనువాదమూ ఎదురెదురు పేజీల్లో ఉన్నవాటికి నారింజ, వ్యాఖ్యానాలకు ఆకుపచ్చ. విదేశీ భాషా పాఠ్యాలకు ఎరుపు 1980లలో కలిసింది. ఆ పసుపు అట్ట మీద బడిపిల్లలు పెన్నుతో మీసాలూ గడ్డాలూ గీయని జర్మన్ ఇల్లు ఉండదు. 1980లో సంస్థ స్టుట్‌గార్ట్ పక్కనున్న డిట్సింగెన్ అనే చిన్న ఊరికి మారింది. అయితే ముఖపత్రం మీద స్టుట్‌గార్ట్ పేరే చాలా ఏళ్లు కొనసాగింది. డిట్సింగెన్ అని వేయడం ఇటీవలి సంవత్సరాల్లోనే మొదలయింది. కాబట్టి మీ మూడింటిలో అది కొత్తదే.

బెర్లిన్ గోడ కూలాక పడమటి ఇల్లు తూర్పు ఇంటిని తిరిగి పొందింది. లైప్‌జిగ్ శాఖ కొంతకాలం ఉత్సాహంగానే నడిచింది. ఆస్ట్రియా రచయిత రాబర్ట్ ష్నైడర్ తొలి నవలను ఇరవైకి పైగా ప్రచురణకర్తలు తిప్పికొడితే, 1992లో దాన్ని అచ్చువేసి పెద్ద విజయం చేసింది లైప్‌జిగ్ రెక్లామే. అయినా 2006 మార్చి ఆఖరున ఆ శాఖను మూసేశారు. పుట్టిన ఊళ్లో సంస్థ లేకుండా పోయింది. 2018లో లైప్‌జిగ్‌లో రెక్లామ్ పుస్తకాల చిన్న మ్యూజియం తెరిచారు.

ఇప్పుడు మీ పాత ప్రతి వయసు. సంవత్సరం వేయకపోవడం ఆ రోజుల్లో వాళ్ల పద్ధతి. ఏడాది అచ్చువేస్తే పుస్తకం పాతదైపోయినట్టు కనబడుతుంది, అంగడివాడు ధర తగ్గించమంటాడు. అందుకని వ్యాపారి మౌనంగా ఉన్నాడు. మీరు చూడవలసినవి వేరే ఉన్నాయి. అట్ట మీది నంబరును బట్టి ఆ రచన గ్రంథమాలలో మొదట ఎప్పుడు చేరిందో తెలుస్తుంది గాని, మీ చేతిలోని ప్రతి ఎప్పటిదో తెలియదు. పలకలు దశాబ్దాలు పని చేశాయని చెప్పాను కదా. అనువాదకుడి ముందుమాట కింద ఉన్న తేదీ కూడా అంతే, దాన్ని నమ్మి చాలామంది తమ ప్రతిని ముప్పై ఏళ్లు పెద్దదాన్ని చేసుకుంటారు. చివరి పేజీల్లోని ప్రకటనలు చూడండి. అక్కడ కనబడే అత్యధిక నంబరు మీ ప్రతికి దగ్గరి లెక్క. ధర 20 ఫెన్నిగ్‌లని ఉంటే 1917కు ముందుది. అక్షరాలు విరిచినట్టుండే పాత గోథిక్ శైలిలో ఉంటే దాదాపు ఖాయంగా 1941కి ముందు కూర్చిన పేజీలు, ఎందుకంటే ఆ ఏడాది నాజీ ప్రభుత్వమే ఆ లిపిని పక్కన పెట్టించింది. లైప్‌జిగ్ అని ఉండి, లోపల లైసెన్సు నంబరూ 'జర్మన్ ప్రజాస్వామ్య గణతంత్రంలో ముద్రితం' అన్న అర్థం వచ్చే వరుసా ఉంటే అది తూర్పు జర్మనీ ప్రతి. తూర్పు వాళ్లు 1963లో నంబర్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. అందువల్ల ఒకే నంబరుతో సంబంధం లేని రెండు పుస్తకాలు కనబడవచ్చు, కేటలాగు చేసేటప్పుడు ఇది తరచూ తికమక పెడుతుంది.

కొత్తవి కొనాలనుకుంటే తగ్గింపు ధర కోసం అంగళ్ల చుట్టూ తిరగకండి. జర్మనీలో పుస్తకం ధర నిర్ణయించేది ప్రచురణకర్త, ఏ అంగడిలోనైనా అదే ధర ఉండాలన్నది చట్టం. వ్యాపార సంఘం ఆ కట్టుబాటును 1888లోనే పెట్టుకుంది, 2002లో అది చట్టమయింది. తపాలా ఖర్చు పుస్తకం ధర కన్నా ఎక్కువ అవుతుంది కాబట్టి నలుగురూ కలిసి తెప్పించుకోండి. ఇంకా జర్మన్ నేర్చుకునే దశలోనే ఉన్నారన్నారు కనుక ఒక మాట. నారింజ అట్ట పుస్తకాలు జర్మన్‌వాళ్లు ఇతర భాషలు చదువుకోవడానికి చేసినవి, ఎదుటి పేజీలో ఉండేది జర్మన్ అనువాదం. ఇంగ్లీషు బాగా వచ్చిన మీకు అవి తిరగేసి వాడుకుంటే బ్రహ్మాండంగా పనికొస్తాయి. తెలిసిన ఇంగ్లీషు కథ ఎడమ పేజీలో, దాని జర్మన్ కుడి పేజీలో. పసుపు అట్ట 'ఫౌస్ట్' జోలికి మాత్రం ఇంకో రెండేళ్ల దాకా వెళ్లకండి, అది చవక అని కొని మూలన పడేసినవాళ్లు చాలామంది ఉన్నారు.